ఈ పాట ఎవరిది? – ఆస్ట్రేలియా డాన్స్ అవార్డు గురించి

1995లో ఆస్ట్రేలియా రికార్డింగ్ పరిశ్రమ డాన్స్ సంగీతానికి మొదటిసారి విడిగా ఒక అవార్డు ఇచ్చింది. గెలిచినవాళ్ళు ఇచ్-ఈ అండ్ స్క్రాచ్-ఈ. అంటే పాల్ మ్యాక్, ఆండీ రాంట్‌జెన్ అనే ఇద్దరు సిడ్నీ కుర్రాళ్ళు. పాట ‘స్వీట్‌నెస్ అండ్ లైట్’. మైకు ముందుకొచ్చిన పాల్ మ్యాక్, మామూలుగా అమ్మానాన్నలకీ రికార్డు కంపెనీకీ దండాలు పెట్టే చోట, సిడ్నీలో ఎక్‌స్టసీ మాత్రలు అమ్మేవాళ్ళందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. వాళ్ళు లేకపోతే ఈ బహుమతే లేదన్నాడు. టీవీలో ఆ ముక్క మీద బీప్ పడింది. ఆ వేడుక స్పాన్సర్లలో మాదకద్రవ్యాలకి వ్యతిరేకంగా ప్రచారం చేసే ప్రభుత్వ కార్యక్రమం కూడా ఉందన్నది కొసమెరుపు.

ఆ మాటని అందరూ ఒక కొంటె జోకుగానే గుర్తుపెట్టుకున్నారు. అందులో నవ్వలేని సంగతి కూడా ఉంది. అదే ఏడాది అక్టోబరులో సిడ్నీలో ఒక రేవ్ పార్టీకి వెళ్ళిన పదిహేనేళ్ళ అమ్మాయి ఆ మాత్ర తీసుకున్నాకే చనిపోయింది. దేశమంతా అట్టుడికిపోయింది. కాబట్టి పాల్ మ్యాక్‌ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ మాటలోని కొంటెతనాన్ని పక్కన పెడితే ఒక నిజం మిగులుతుంది. ఈ సంగీతాన్ని ఒకరు చేయరు. మెషీన్ ముందు కూర్చున్నవాడు, అతను ముక్కలు తీసుకున్న పాత రికార్డు, ఆ గొంతు, క్లబ్బు, తెల్లవారిదాకా ఆడే జనం, చివరికి చట్టం ఒప్పుకోని వ్యాపారం కూడా. ఇన్ని చేతులు పడితే ఒక పాట. బహుమతి మాత్రం ఒకరి చేతిలో పెట్టాలి.

ఈ అవార్డు ముప్పై ఏళ్ళ చరిత్రంతా నాకు ఈ ఇబ్బందిలాగే కనిపిస్తుంది. సొంతదారుడు ఎవరో తేల్చలేని సంగీతానికి ఏటేటా ఒక సొంతదారుణ్ణి వెతకడం.

*

కొంచెం నేపథ్యం. అరియా అంటే ఆస్ట్రేలియన్ రికార్డింగ్ ఇండస్ట్రీ అసోసియేషన్. 1987 నుంచి ఏటా అవార్డులు ఇస్తోంది. మొదటి వేడుకకి వ్యాఖ్యాత ఎల్టన్ జాన్ (ఈయన మళ్ళీ వస్తాడు, గుర్తుంచుకోండి). మొదటి ఎనిమిదేళ్ళు డాన్స్‌కి విభాగమే లేదు. రాక్ బ్యాండ్ల దేశం అది. పబ్బుల్లో గిటార్లు పట్టుకుని, చెమటలు కక్కుతూ పాడితేనే సంగీతం అనే నమ్మకం బలంగా ఉండేది. బటన్లు నొక్కేవాడు సంగీతకారుడేంటి అనే ప్రశ్న అక్కడా ఉంది, మన దగ్గరా ఉంది. 1995లో ‘బెస్ట్ డాన్స్ రిలీజ్’ పుట్టింది. ఈమధ్య సంవత్సరాల్లో పేరులో ‘ఎలక్ట్రానిక్’ కూడా చేరింది.

ఆ ‘రిలీజ్’ అన్న మాట దగ్గర ఆగాలి. అవార్డు రాత్రికి కాదు, డీజేకి కాదు, క్లబ్బుకి కాదు. విడుదలైన రికార్డుకి. ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం వందల మందిని ఆడించే డీజే, సొంతంగా ఒక్క రికార్డు కూడా వేయకపోతే ఈ లెక్కలోకి రాడు. అసలు ఈ సంగీతం బతికేది ఎక్కడో, అక్కడికి వెళ్ళే దారి ఈ నిబంధనలో లేదు.

*

విభాగం పుట్టకముందు జరిగిన ఒక సంగతి చెప్తే గొడవ ఇంకా స్పష్టమవుతుంది.

1988లో ఉత్తర ఆస్ట్రేలియాలోని బరుంగాలో అప్పటి ప్రధాని బాబ్ హాక్, ఆదివాసులతో ఒక ఒప్పందం కుదుర్చుకుంటామని మాటిచ్చాడు. ఆ మాట నీటి మీద రాతే అయింది. యోతు యిండి అనే బృందం, మందావుయ్ యునుపింగు నాయకత్వంలో, ‘ట్రీటీ’ అని పాట కట్టింది. పాల్ కెల్లీ, మిడ్‌నైట్ ఆయిల్ బృందం కూడా రచనలో చెయ్యేశారు. సగం ఇంగ్లీషు, సగం గుమాచ్ భాష. 1991లో వచ్చిన ఆ పాటని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఫిల్తీ లూకర్ అనే మెల్‌బోర్న్ జట్టు దాన్ని రీమిక్స్ చేసింది. ఈ పనిలో బృందం పాల్గొనలేదు. రీమిక్స్ దేశం చార్టుల్లో 11వ స్థానం దాకా వెళ్ళింది. ఒక ఆదివాసీ భాషలో ఉన్న పాటతో నగరాల క్లబ్బులన్నీ ఊగిపోవడం అదే మొదలు. 1992 అరియాల్లో ‘ట్రీటీ’కి ఏడాది ఉత్తమ గీతం అవార్డు వచ్చింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి వినండి. రీమిక్స్‌లో తీసేసింది ఎక్కువగా ఇంగ్లీషు భాగాన్నే. ప్రధాని ఇచ్చిన మాట, అది గాలికి పోవడం, ఆ ఎత్తిపొడుపు అంతా అందులోనే ఉంది. ఉంచింది గుమాచ్ గానాన్నీ, కర్రల తాళాన్నీ, యిదాకీ గుర్రునీ. అంటే తెల్లవాడికి అర్థమయ్యే ఆరోపణ పోయింది, అర్థం కాని అందం మిగిలింది. దీన్ని ద్రోహం అనొచ్చు. చాలామంది అన్నారు కూడా. కానీ ఆ రీమిక్సే లేకపోతే ఆ పాట ఉందని ఎంతమందికి తెలిసేది? ఇంకొకటి. రీమిక్స్ వల్ల ఎప్పుడూ గుమాచ్ మాట ఒక్కటి కూడా వినని కుర్రకారు ఆ భాషలో గొంతు కలిపారు. ఆ గౌరవం చిన్నదేం కాదు. దేశ స్థాయిలో ఆ ఒప్పందం మాత్రం ఈరోజుకీ జరగలేదు.

తెలంగాణ జానపదం డీజే మిక్స్ అయి నిమజ్జనం బండి మీద మోగడం విన్నవాళ్ళకి ఇది కొత్త కథ కాదు. పాట మధ్యలో డీజే పేరు నాలుగుసార్లు అరుస్తుంది. నాట్లేస్తూ ఆ పాట కట్టిన ఆవిడ పేరు ఒక్కసారీ వినపడదు. అయినా ఆ బండి వెనక ఎగిరేవాళ్ళకి ఆ పాట నిజంగానే దొరికింది. రెండూ ఒకేసారి నిజం కావడమే ఇక్కడి చిక్కు.

*

ఈ చిక్కు అవార్డు జాబితాలోకి నేరుగా వచ్చింది 2000, 2001 సంవత్సరాల్లో.

2000లో గెలిచింది ప్నౌ అనే సిడ్నీ జంట, ‘సాంబనోవా’ ఆల్బమ్‌తో. 1999లో వచ్చిన ఆ ఆల్బమ్‌ని కొన్నాళ్ళకే దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. కారణం, పాత రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలకి అనుమతులు లేకపోవడం. తర్వాత మార్పులు చేసి మళ్ళీ విడుదల చేశారు. అంటే చట్టం ప్రకారం అమ్మకూడని వస్తువుని పరిశ్రమే ఆ ఏటి ఉత్తమ డాన్స్ రికార్డు అంది. ఇందులో నాకు తప్పేం కనపడదు. పరిశ్రమ చెవి దాని లాయరు కన్నా నిజాయితీగా ఉందనిపిస్తుంది.

మరుసటి ఏడు మెల్‌బోర్న్ నుంచి ది అవలాంచెస్ వచ్చారు. ఆల్బమ్ ‘సిన్స్ ఐ లెఫ్ట్ యూ’. పాత సామాన్ల కొట్లలో కారుచౌకగా దొరికే రికార్డులు, రెండు శాంపిలర్ మెషీన్లు, బోలెడంత ఓపిక. సుమారు 3,500 ముక్కలు వాడి ఉంటారని చెప్తారు. కచ్చితంగా ఎవరు లెక్కపెట్టగలరు? ఎవరిదో మర్చిపోయిన గాయని గొంతు, ఒక హాస్య నాటిక లోంచి రెండు మాటలు, గుర్రం సకిలింపు, చిలక కూత, ఓడ ప్రయాణం సందడి. మడోనా ‘హాలిడే’ పాటలోని బేస్ తీగని అనుమతి తీసుకుని మరీ వాడారు.

ఈ జాబితాలో నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళే రికార్డు ఇదే. గొప్పదనం ముక్కల సంఖ్యలో లేదు. బొంత కుట్టే మన అమ్మమ్మల పనితనం చూడండి. పాత చీర ముక్క ఏది, లాల్చీ ముక్క ఏది అని తెలుస్తూనే ఉంటుంది, కప్పుకుంటే మాత్రం ఒకటే వెచ్చదనం. అవలాంచెస్ కుట్టుని దాచరు. రికార్డు మీది గీతల చిటపట వినపడనిస్తారు. ఒక గొంతు వేరే కాలం నుంచి, వేరే దేశం నుంచి వచ్చిందని తెలుస్తూనే, అది ఈ క్షణమే మనకోసం పాడుతున్నట్టు ఉంటుంది. ఆల్బమ్ మొత్తం విన్నాక మిగిలేది ఒక విచిత్రమైన దిగులు. ఇంతమంది పాడారు, ఇంతమంది మాయమైపోయారు, వాళ్ళ ఆనందం మాత్రం ఇంకా ఇక్కడే ఉంది అని.

మరి ఇది ఎవరి రికార్డు? బహుమతి అవలాంచెస్‌ది. న్యాయమే. ముక్కల్ని ఏరడం, పక్కపక్కన పెట్టడం కూడా రచనే. కానీ వాళ్ళు కూడా ‘మేం చేశాం’ అనే కంటే ‘మాకు దొరికాయి’ అనేట్టు వినిపిస్తారు. వాళ్ళ రెండో ఆల్బమ్ ‘వైల్డ్‌ఫ్లవర్’ రావడానికి 2016 దాకా, పదహారేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి మాత్రం ఇదే, ప్రతి ముక్కకీ దాని సొంతదారుణ్ణి వెతికి అనుమతి తేవడం.

*

2008లో ఈ సంగీతం పెద్ద గెలుపు గెలిచింది. ది ప్రీసెట్స్ ఆల్బమ్ ‘అపోకలిప్సో’కి డాన్స్ అవార్డుతో పాటు ఏడాది ఉత్తమ ఆల్బమ్ కూడా వచ్చింది. ఒక డాన్స్ బృందానికి ఆ పెద్ద పీట దక్కడం అదే మొదటిసారి. జూలియన్ హామిల్టన్, కిమ్ మోయెస్ ఇద్దరూ సిడ్నీ కన్సర్వేటోరియంలో చదువుకున్నవాళ్ళు. అందులోని ‘మై పీపుల్’ పాట గురించి చాలామందికి తెలియంది ఏంటంటే, అది ఆస్ట్రేలియా నిర్బంధ కేంద్రాల్లో మగ్గే శరణార్థుల గురించి. పండగల్లో వేలమంది చేతులు పైకెత్తి అరిచే పాట, కంచె అవతలి మనుషుల గురించి.

ఇది బలమైన రికార్డు. ఆ పాటలో సింత్ దెబ్బలు పడుతుంటే ఎవరో ఇనుప తలుపు బాదుతున్నట్టు ఉంటుంది. కానీ ఎందుకు ఇదే గెలిచిందని ఆలోచిస్తే నాకొక అనుమానం. ప్రీసెట్స్‌లో ఒక గాయకుడున్నాడు, వెనక డ్రమ్ములు వాయించేవాడున్నాడు, పాటలకి చరణాలున్నాయి, కోపముంది, ఫొటోలో నిలబెట్టడానికి ఇద్దరు మనుషులున్నారు. అంటే అది బ్యాండులా ఉంది. పెద్ద బహుమతి డాన్స్ సంగీతానికి వచ్చింది నిజమే. అది రాక్ బ్యాండులా నడిచొచ్చాకే తలుపు తీశారు. బ్యాండులా కనపడని అవలాంచెస్‌కి 2001లో ఆ పీట దక్కలేదు.

2016లో ‘స్కిన్’ ఆల్బమ్‌తో ఫ్లూమ్ ఈ రెండు అవార్డులూ కలిపి గెలిచినప్పుడు కథ మారింది. ఫ్లూమ్ అసలు పేరు హార్లీ స్ట్రెటెన్. చిన్నప్పుడు పొద్దుటి టిఫిన్ సీరియల్ డబ్బాలో ఉచితంగా వచ్చిన ఒక మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాడు. ఆ తర్వాతి ఏడు ‘స్కిన్’ గ్రామీ కూడా తెచ్చింది. ఇక్కడ బ్యాండు లేదు, గది ఉంది. ఒక్కడు, ఒక ల్యాప్‌టాప్. చివరికి సొంతదారుడు దొరికాడు అనుకుంటాం కదా. అక్కడే మళ్ళీ చిక్కు.

‘స్కిన్’లో అందరి నోటా నానిన పాట ‘నెవర్ బీ లైక్ యూ’. పాడింది కై అనే కెనడా గాయని. ఫ్లూమ్ ఒకే తాళాన్ని కావాలనే తడబడేలా చేస్తాడు, అడుగు జారి మళ్ళీ నిలబడ్డట్టు. ఆ జారుడు మీద కై గొంతు బతిమాలుతూ నిలబడుతుంది కాబట్టే మన గుండె పట్టేస్తుంది. ఆ గొంతు తీసేసి ఒకసారి ఊహించుకోండి. తెలివైన కసరత్తు మిగులుతుంది. 2014లో గెలిచిన పీకింగ్ డక్ పాట ‘హై’లో గొంతు నికోల్ మిల్లర్‌ది. 2017లో ప్నౌ మళ్ళీ గెలిచిన ‘కమీలియన్’లో ఊపంతా కీరా డివైన్ గొంతులోనే ఉంది. పాట పేరు పక్కన మాత్రం ప్నౌ ఒక్కటే. గెలిచినవాళ్ళ జాబితా పేర్లుగా చదివితే ఎక్కువ భాగం మగవాళ్ళ జట్లు. అదే జాబితాని చెవితో వింటే సగం చోట్ల ఆడవాళ్ళు. కంటికీ చెవికీ మధ్య ఉన్న ఈ తేడా పేరే ‘ఫీచరింగ్’.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనం మరీ దూరం వెళ్ళక్కర్లేదు. 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చినప్పుడు ప్రతిమలు కీరవాణికీ చంద్రబోస్‌కీ అందాయి, నిబంధన అది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అదే వేదిక మీద పాడి దిగిపోయారు. అక్కడైనా గాయకుల పేర్లు మన జనానికి తెలుసు. డాన్స్ రికార్డు విషయంలో ఆ గొంతు ఎవరిదో వెతుక్కోవాలి.

*

ఇప్పటిదాకా చెప్పింది రికార్డు లోపలి సంగతి. బయట ఏం జరిగిందో చూస్తే కోపమొస్తుంది.

2014 ఫిబ్రవరిలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం సిడ్నీ నగర కేంద్రంలో, కింగ్స్ క్రాస్‌లో కొత్త నిబంధనలు పెట్టింది. రాత్రి ఒంటిగంటన్నర దాటాక కొత్తవాళ్ళని క్లబ్బులోకి రానివ్వకూడదు, మూడింటికి మందు బంద్. తాగిన మైకంలో ఒక్క గుద్దుతో కుర్రాళ్ళు చచ్చిపోయిన ఘటనల తర్వాత వచ్చిన చట్టం ఇది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు వాదన పెట్టడం ఎవరికైనా కష్టమే. కానీ ఫలితం ఏంటంటే, కింగ్స్ క్రాస్ లాంటి చోట ఒకదాని తర్వాత ఒకటి క్లబ్బులు మూతపడ్డాయి. ఇచ్-ఈ అండ్ స్క్రాచ్-ఈ లాంటివాళ్ళని తయారుచేసిన రాత్రులే కరువయ్యాయి.

అదే ఏడాది నవంబరులో ‘హై’కి అరియా డాన్స్ అవార్డు వచ్చింది. వేడుక జరిగింది సిడ్నీలోని ది స్టార్ అనే కేసినో ప్రాంగణంలో. ఆ కేసినో లాకవుట్ హద్దుకి బయట ఉంది. ఈ ఒక్క వాక్యం చాలు అనిపిస్తుంది. జనం ఆడే గదులకి తాళం, జూదం ఆడే గదికి మినహాయింపు, ఆ మినహాయింపు కప్పు కింద డాన్స్ సంగీతానికి సన్మానం.

నగర కేంద్రంలో ఆ నిబంధనలు 2020 జనవరి దాకా, కింగ్స్ క్రాస్‌లో 2021 మార్చి దాకా ఉన్నాయి. ఆ ఆరేడేళ్ళే ఆస్ట్రేలియన్ ఎలక్ట్రానిక్ సంగీతం ప్రపంచమంతా తిరిగిన కాలం. 2015లో, 2019లో గెలిచిన రూఫస్ డు సోల్ లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చింది. రికార్డులకి పట్టాభిషేకం, రాత్రులకి తాళం. ‘రిలీజ్’కి మాత్రమే బహుమతి ఇచ్చే అవార్డుకి ఇందులో వైరుధ్యం కనపడదు. రికార్డు వస్తూనే ఉంది కదా! చెట్టు కొట్టేసినా కొన్నాళ్ళు బుట్టలో పళ్ళుంటాయి.

*

అలాగని ఈ అవార్డు తీసేయాలని నేను అనను. 1995కి ముందు లేని గౌరవం అది తెచ్చింది. బటన్లు నొక్కడం కూడా సంగీతమే అని టీవీ చూసే ఇళ్ళకి చెప్పింది. ఇంకో సంగతి. తీర్పరులు తేలికైన హిట్లకి కొన్నిసార్లు లొంగినా, ‘సాంబనోవా’, ‘సిన్స్ ఐ లెఫ్ట్ యూ’ లాంటి వాటిని వచ్చిన కొత్తలోనే గుర్తుపట్టారు. సాహిత్య అవార్డులతో పోలిస్తే ఇదేం తక్కువ లెక్క కాదు.

ఎల్టన్ జాన్ మళ్ళీ వస్తాడన్నాను కదా. 2021లో ప్నౌ ఆయన పాత పాటల్ని నాలుగింటిని ముక్కలు చేసి, డువా లీపా గొంతు చేర్చి ‘కోల్డ్ హార్ట్’ చేసింది. ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. 1999లో అనుమతుల్లేని ముక్కల వల్ల ఆల్బమ్ వెనక్కి తీసుకున్న అదే ప్నౌకి, ఇప్పుడు సొంతదారుడే తన పాటల మూట విప్పి ఇచ్చాడు. చట్టం మారలేదు, హోదా మారింది. పేరున్నవాడు ముక్కలు తీసుకుంటే కళ, పేరులేనివాడు తీసుకుంటే దొంగతనం. ఈ తేడాని చెరపగలిగేది చట్టం కన్నా ముందు అవార్డే, ఎందుకంటే అది చెవితో తీర్పు చెప్పాల్సిన చోటు.

నేను కోరేది రెండే. ఒకటి, బహుమతి పొందిన రికార్డు పేరు చదివేటప్పుడు గొంతు పేరు, రీమిక్స్ చేసినవాళ్ళ పేరు, ముక్కలు ఎవరివో ఆ పేర్లు, అన్నీ చదవాలి. ఎంత సేపు పట్టినా సరే. అవలాంచెస్ లాంటివాళ్ళు గెలిచిన ఏడు ఆ జాబితా తెల్లవారిదాకా సాగితే మరీ మంచిది. రెండు, రికార్డు వేయని డీజేకి, మూతపడకుండా నెట్టుకొస్తున్న చిన్న క్లబ్బుకి అదే వేదిక మీద చోటివ్వాలి. ఈ సంగీతానికి యజమాని లేడని ఒప్పుకోవడం అవార్డుకి అవమానం కాదు. దాన్ని మోసినవాళ్ళందరి పేర్లూ మర్చిపోవడమే అవమానం.